ఏడో మెట్టు మీద చెయ్యి

ఆదివారం పొద్దున టీవీలో ఆ మెట్లు కనబడగానే నా చేతిలో టీ ఒలికి మోకాలి మీద పడింది. కాలిందన్న సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

నిజానికి నేను వార్తల కోసం టీవీ పెట్టాను. మా కోడలు కొత్తగా పెట్టించిన యాప్‌లో వార్తలు నిన్న ఉన్నచోట ఇవాళ ఉండవు. కుడివైపు నొక్కుతూ పోవాలి. వంటలు, పాటలు, కుస్తీలు, మళ్లీ వంటలు. ఏదైనా బొమ్మ మీద ఒక్క క్షణం ఆగామంటే చాలు, అడక్కుండానే అందులోంచి ఎవరో గొంతు చించుకుని అరవడం మొదలుపెడతారు. ఆ అరుపులు తప్పించుకోవడానికి గబగబా నొక్కుకుంటూ పోతున్నాను. వేలు దానంతటదే ఆగిపోయింది.

నలుపు తెలుపు బొమ్మ. కిందికి దిగే రాతి మెట్లు. అడుగు మెట్లు నీళ్లలో మునిగి ఉన్నాయి.

పేరు చదవకముందే ఒళ్లు జలదరించింది. తర్వాత చదివాను. "ఏడో మెట్టు." దాని కింద ఇంకేవో సన్నటి ఎర్ర అక్షరాలు. లేచి, టీవీకి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. "ఈ రోజుతో తొలగిస్తున్నాం."

వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాను.

"ఏమే, దొరికింది!"

"ఏంటక్కా, బీరువా తాళమా?"

"తాళం కాదే. ఏడో మెట్టు!"

మా చెల్లెలికి బస్టాపు పక్కన ఇస్త్రీ కొట్టుంది. అవతల ఇస్త్రీపెట్టె నిలబెట్టిన చప్పుడు టక్కుమని వినబడింది.

"నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. పెట్టేస్తున్నా," అంది.

"పెట్టావంటే కొట్టుకే వచ్చి, బస్టాపులో అందరి ముందూ జుట్టు పట్టుకుని లాక్కొస్తా. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, టీవీ బొమ్మకి భయమేంటే?"

"నీకు లేదేంటి? ఆరోజు మంచం కింద నాకంటే ముందు దూరిందెవరు?"

"నీకు చోటుందో లేదో చూద్దామని దూరాను. సరేగానీ, ఇవాళే ఆఖరంట. రేపు తీసేస్తారంట. ఇన్నేళ్ల నుంచీ సాక్ష్యం ఏదీ, సాక్ష్యం ఏదీ అని నన్ను తినేశావు కదా? వచ్చి చూడు."

చెల్లెలు మెల్లిగా, "రెండు దుప్పట్లున్నాయి, అవి ముగించుకుని వస్తా," అంది. "కానీ కళ్లు మూసుకునే కూర్చుంటా. ముందే చెప్తున్నా."

ఆ సాక్ష్యం గొడవ ఇదీ.

మా అమ్మ టీవీ స్టూడియోలో బట్టల గదిలో పనిచేసేది. నటులు కట్టి విడిచిన బట్టలు ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, ఎవరివి వాళ్లకి అందించడం ఆమె పని. పిల్లల్ని గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. అక్కడ తెమలని మూటలు అమ్మ ఇంటికి తెచ్చేది. చెల్లెలు బడికి పోయేది, నేను మూటల దగ్గర కూర్చునేదాన్ని. నాకు అక్షరాలు యాభై దాటాక గానీ రాలేదు. బట్టల గుర్తులు చదవడం మాత్రం పదేళ్లకే వచ్చు. ఏ బట్ట ఏ మూటలోదో తెలియడానికి లోపలి అంచున దారంతో చిన్న గుర్తు కుడతారు. ఉతికేవాళ్లలో ఎవరి గుర్తు వాళ్లది. అమ్మది దువ్వెన గుర్తు. మూడు నిలువు కుట్లు, పైన అడ్డంగా ఒకటి. ఎర్ర దారం.

మాకు టీవీ లేదు. కింది వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన ఇంట్లో ఉండేది. నాకు పదకొండు, చెల్లెలికి ఎనిమిది. గురువారం సాయంత్రం ఈ సీరియల్ చూడ్డానికి వాళ్ల గడప దగ్గర చేరేవాళ్లం. ఒక పాత ఇల్లు, దాని కింద నేలమాళిగ, అందులో నీళ్లు. వారానికో మెట్టు చొప్పున నీళ్లు పైకెక్కేవి. ఏడో వారం నీళ్లు ఆగిపోయాయి. ఇంట్లోవాళ్లు బతికి బయటపడ్డారు. పేర్లు పడుతున్నాయి. హమ్మయ్య అని మేం లేచి గౌన్లు దులుపుకుంటున్నాం. అప్పుడు నీళ్లలోంచి ఒక చెయ్యి పైకొచ్చి ఏడో మెట్టు మీద పడింది. పాట లేదు, కేక లేదు. చెయ్యి, దాని వెంట తెల్లటి పొడుగు చేతుల గౌను, టప్పున ఒక విదిలింపు, అంతే. గడియారాలాయన కంటికి బిగించుకున్న భూతద్దం ఊడి ఆయన ఒళ్లో పడింది. మేం మెట్లెలా ఎక్కామో, మంచం కింద ఎలా దూరామో తెలీదు.

ఆ తర్వాత నెలల తరబడి చెల్లెలు అమ్మ చెయ్యి పట్టుకోకుండా పడుకోలేదు. ఏ మెట్లు దిగినా ఆఖరి రెండు మెట్లూ దూకేసేది. ఇప్పటికీ అంతే, మోకాళ్లు సహకరించవు గానీ ప్రయత్నం చేస్తుంది.

అమ్మ ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం, నేను బత్తాయి వలుస్తుంటే ఉన్నట్టుండి అంది. "ఆ మెట్టు మీద చెయ్యి నాదేనే. ఆ నటికి చన్నీళ్లు పడవట. నువ్వు దిగమ్మా అన్నారు. దిగాను. మీరిద్దరూ ఎంత హడలిపోయారో!" అని, దగ్గొచ్చేదాకా నవ్వింది.

చెల్లెలు అప్పుడు మందులు తేవడానికి వెళ్లి ఉంది. తిరిగొచ్చాక చెబితే ఒప్పుకోలేదు. "జ్వరంలో ఏదో అనుంటుంది. అమ్మదైతే నాకు చెప్పదా? అన్ని నెలలు నేను ఏడుస్తుంటే, పిచ్చిదానా అది నా చెయ్యేనే అని ఒక్క ముక్క అనదా?" అంది. అమ్మని అడుగుదామంటే అప్పటికి మాట పడిపోయింది. అది జరిగి ఇరవై రెండేళ్లు. అప్పట్నుంచీ మా ఇద్దరికీ అదే వాదన. ఆ సీరియల్ మళ్లీ ఎక్కడా వెయ్యలేదు.

వాదన గెలవాలనే కాదు. మా దగ్గర అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. స్టూడియో గేటు దగ్గర చూపించే కార్డు మీద తపాలా బిళ్లంత ఫోటో ఉండేది. పని మానేసిన రోజు ఆ కార్డు వెనక్కి తీసుకున్నారు. మొహం నా మనసులోనే ఉంది, అదీ ఏడాదికింత చెరిగిపోతోంది. ఆ చెయ్యి అమ్మదే అయితే లోకంలో అమ్మ బొమ్మ అదొక్కటే. అది ఈ రోజుతో పోతుందని తెర మీద ఎర్రగా రాసి ఉంది.

చెల్లెలు వచ్చేలోపు సిద్ధం చేసి పెడదామని మధ్య గుండీ నొక్కాను. గులాబీ రంగు ఏనుగు పిల్ల ఒకటి తొండం ఊపుకుంటూ వచ్చింది. "ఈ కార్యక్రమం నీ వయసుకు తగినది కాదు. పెద్దవాళ్లను పిలువు!"

మళ్లీ నొక్కాను. మళ్లీ ఏనుగు. పెద్దవాళ్లను పిలువు. అరవై ఒకటి దాటిన దాన్ని, నేనెవర్ని పిలవను?

కోడలు రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తుంది, ఆదివారం కూడా డ్యూటీయే. ఫోన్ చేశాను.

"అత్తయ్యా, త్వరగా చెప్పండి, సూది పట్టుకునున్నా."

"నన్ను పెద్దవాళ్లను పిలవమంటోంది."

"ఎవరు?"

"ఏనుగు."

కాసేపటికి ఆమెకి అర్థమైంది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. "అదీ... మీ పేరు మీద పిల్లల ఖాతా పెట్టానత్తయ్యా. వయసు ఏడేళ్లని వేశా. బొమ్మలు పెద్దవిగా ఉంటాయి, తేలిగ్గా ఉంటుందని..."

"ఏడేళ్లా! ఇంకో నాలుగు తగ్గించి ఉయ్యాల కూడా కట్టకపోయావా?"

"తిట్టకండి అత్తయ్యా. నా ఖాతాలోకి వెళ్లండి. కళ్లజోడు పెట్టుకున్న పిల్లి బొమ్మ. నాలుగంకెలు అడుగుతుంది. మా పెళ్లి రోజు, నెల."

"మీ పెళ్లెప్పుడే?"

"అత్తయ్యా! దగ్గరుండి చేసింది మీరు!"

"చేసినప్పుడు తేదీ చూసుకునే తీరిక నాకెక్కడిది? చెప్పు, చెప్పు."

చెప్పింది. అవతల ఎవరో "అమ్మా, నా చెయ్యి తిమ్మిరెక్కుతోంది" అంటున్నారు. పెట్టేసింది.

పిల్లి లోపలికి రానిచ్చింది గానీ, అక్కడ మెట్ల బొమ్మ లేదు. పిల్లికి వేరే ఇష్టాలున్నాయి. వెతకాలి. అక్షరాలు తెర నిండా గళ్లు గళ్లుగా పరిచి ఉన్నాయి. ఒక్కో అక్షరం దగ్గరికీ బాణం గుండీతో నడుచుకుంటూ పోవాలి. "ఏ" దొరికింది. "డ" కోసం రెండు వరసలు దిగి ఒక వరస ఎక్కాను. ఓత్వం ఎక్కడ దాచారో కనబడలేదు. కనబడేలోపు, నేనేదో మర్చిపోయాననుకుందేమో, తెర మొదటికెళ్లిపోయింది. మూడుసార్లు అలాగే అయింది. పోనీ నోటితో చెప్పమని మైకు బొమ్మ ఉంటే దాన్ని నొక్కి, "ఏడో మెట్టు!" అని అరిచాను. మోకాళ్ల నొప్పికి మెట్లెక్కే వ్యాయామాలు ఏడు రకాలు చూపించింది.

అప్పుడు తలుపు దగ్గర చెల్లెలి గొంతు. "ఎవరి మీదే ఆ అరుపులు? వీధి చివరికి వినబడుతున్నాయి."

ఇస్త్రీ వేడి ఇంకా దాని ఒంటి మీదే ఉంది. చెప్పులు విప్పుతూనే రిమోట్ లాక్కుంది. బడికెళ్లి చదువుకున్న చెయ్యి, టకటకా కొట్టింది. ఏడో మెట్టు వచ్చేసింది. రావడమే ఆలస్యం, రిమోట్ నా ఒళ్లో పడేసి సోఫాలో కాళ్లు పైకి లాక్కుని కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఏడో భాగం పెట్టు," అంది కళ్లు మూసుకునే.

"తెలుసులేవే."

పది నిమిషాలు వరసగా మామూలుగా నడిచింది. ఆ ఇల్లు, ఆ దీపం, ఆ నీళ్ల చప్పుడు. కింది వాటా గడప చల్లదనం నా కాళ్ల కింద తగిలినట్టే అయింది. భయమో ఆనందమో తేల్చుకోలేక దిండు నలిపేస్తున్నాను. ఇంట్లోవాళ్లు బయటపడ్డారు. తలుపు మూశారు. పేర్లు మొదలయ్యాయి.

"ఇప్పుడే, ఇప్పుడే!" అన్నాను.

సరిగ్గా అప్పుడు బొమ్మ చటుక్కున కుంచించుకుపోయి తెర మూలకి వెళ్లింది. అగ్గిపెట్టె అంత. తక్కిన తెరంతా ఒక కుస్తీ వీరుడు తొడగొడుతూ నిలబడ్డాడు. కిందేవో అక్షరాలు, వాటి పక్కన అంకెలు. ఐదు, నాలుగు, మూడు. "చి...వ...రి...పే..." దాకా చదివాను. కుస్తీ మొదలైపోయింది.

"ఏమైంది? వచ్చిందా? ఎవరు అరుస్తున్నారు?"

"కుస్తీ!"

"చెయ్యి ఏదీ?"

"ఎదుటివాడి చెయ్యి మెలిపెడుతున్నాడు చూడు!"

చెల్లెలు కళ్లు తెరిచి చూసి పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పేర్లు పడుతున్నాయి కాబట్టి ఇక ఎవరూ చూడరని యాప్ దానంతటదే నిర్ణయించుకుంది. వద్దనాలంటే "చివరి పేర్లు చూడండి" అన్న గుండీ నొక్కాలి, దానికి ఐదంటే ఐదు సెకన్లు ఇస్తుంది. నేను చదివేలోపు అయిపోతాయి. ఠక్కున చదవగలిగిన మనిషేమో కళ్లు మూసుకుని కూర్చుంటుంది.

"నువ్వొక్కసారి ఆ గుండీ ఎక్కడుందో చూసి చెప్పు. చెయ్యి రాకముందే కళ్లు మూసుకుందువుగానీ."

వెనక్కి తిప్పాను. వెనక్కి తిప్పితే ప్రకటన చూడాలట. బట్టల సబ్బు పొడి. ఒకావిడ మంచులాంటి తెల్ల చొక్కా ఎత్తి పట్టుకుని మురిసిపోతోంది.

"అది కొత్త చొక్కా," అన్నాం ఇద్దరం ఒకేసారి.

"కాలర్ కింద అట్టముక్క కూడా తియ్యలేదు," అంది చెల్లెలు. "ఉతికిందట, మొహం!"

ఈసారి బొమ్మ కుంచించుకోగానే చెల్లెలు కేకేసింది. "ఎడమకి ఒకటి, మధ్యలో ఒకటి!" నొక్కాను. తెర మళ్లీ పెద్దదైంది. చెల్లెలు తల దిండు కింద పెట్టేసింది. నీళ్లు కదిలాయి. ఆపు గుండీ నొక్కాను.

బొమ్మ ఆగింది. ఆగీ ఆగగానే తెరంతా మసకేసింది. కింద సగం మీద నల్లటి పట్టీ పరుచుకుంది. పట్టీ మీద సీరియల్ పేరు, ఒక గీత, ఐదు గుండీలు. చెయ్యి ఉన్నది సరిగ్గా ఆ పట్టీ కిందే. వేళ్ల కొసలు మాత్రం "మెట్టు" అన్న అక్షరాల మీంచి తొంగిచూస్తున్నాయి.

పట్టీ పోతుందేమో అని కాచుక్కూర్చున్నాను. పోలేదు. కాసేపటికి పట్టీ పక్కన సబ్బు పొడి డబ్బా కూడా వచ్చి కూర్చుంది.

"ఆపి చూడనివ్వదే ఇది," అన్నాను. ఏడుపొక్కటే తక్కువ. "నడుస్తుండగానే ఫోటో తియ్యాలి. నేను రిమోట్ చూసుకోవాలి. ఫోన్ నువ్వు పట్టుకోవాలి."

"కళ్లు మూసుకుని తీస్తా."

తీసింది. మొదటిసారి కర్టెన్ వచ్చింది. మళ్లీ వెనక్కి, మళ్లీ సబ్బు పొడి, మళ్లీ కుస్తీవాడు, ఎడమకి ఒకటి, మధ్యలో ఒకటి. రెండోసారి దాని బొటనవేలే వచ్చింది. మూడోసారి సీలింగ్ ఫ్యాన్, దాని మీద దుమ్ము.

"ఫ్యాన్ తుడవ్వేంటే అక్కా?"

"ఫ్యాన్ సంగతి నీకెందుకే! పొద్దెక్కిపోతోంది. ఇప్పటికి ఐదుసార్లు చూశాం. ఇది ఉన్నట్టుండి మాయమైపోతే ఏం చేస్తాం?"

చెల్లెలు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నవ్వడం మానేసింది.

"నావల్ల కాదక్కా. ఆ చెయ్యి చూస్తే నాకు మళ్లీ ఎనిమిదేళ్లు వచ్చేస్తాయి."

నేను దాని పక్కన కూర్చున్నాను. దాని వేళ్ల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చలు కనబడ్డాయి.

"నువ్వు చెయ్యి చూడకు," అన్నాను. "బట్ట చూడు. తెల్ల గౌను, నీ కొట్టుకి వచ్చిందనుకో. రోజుకి వంద బట్టలు చూస్తావు. బట్టకి భయమేంటి?"

ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. "బట్ట ఒక్కటే," అంది.

"బట్ట ఒక్కటే."

వెనక్కి తిప్పాను. సబ్బు పొడి ఆవిడకి ఈసారి మేమేమీ జవాబివ్వలేదు. ఇల్లు. దీపం. తలుపు. పేర్లు. ఎడమకి ఒకటి, మధ్యలో ఒకటి. చెల్లెలు ఫోన్ ఎత్తింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నీళ్లు కదిలాయి. చెయ్యి వచ్చింది.

"అక్కా!" అని అరిచింది. "గౌను తిరగబడింది!"

"ఏంటీ?"

"తిరగేసి వేసుకుందే! లోపలి కుట్టు బయటికుంది! దెయ్యం గౌను తిరగేసి వేసుకుంది!"

అరుస్తూనే వరసగా ఫోటోలు తీసేసింది, పద్నాలుగు. ఇద్దరం ఫోన్ మీద పడ్డాం. తలలు ఢీకొన్నాయి. వేళ్లతో లాగి పెద్దది చేశాం. నిజమే. మణికట్టు దగ్గర పూల కుట్టుపని ఉంది, కానీ పువ్వులు కాదు మాకు కనబడేది, వెనక వైపు ముడులూ, వేలాడే దారం కొసలూ. ఆ పక్కనే అంచు మీద నల్లగా చిన్న గుర్తు. మూడు నిలువు కుట్లు, పైన అడ్డంగా ఒకటి. ఎర్ర దారమే, నలుపు తెలుపులో నల్లగా పడింది.

ఆ గుర్తు చదవడానికి నాకు కూడబలుక్కోవాల్సిన పని లేకపోయింది.

"దువ్వెన," అన్నాను.

"దువ్వెనే," అంది చెల్లెలు. "కుట్టుపని ఉన్న బట్ట తిరగేసి కదా ఇస్త్రీ చేస్తాం, పువ్వు అణగకుండా. నటికి ఇచ్చేటప్పుడు అమ్మే మంచివైపు తిప్పి తొడిగేది. ఇది బల్ల మీద ఉన్నది ఉన్నట్టు తీసి తగిలించుకున్న పని."

"అంటే అమ్మే!"

"ఆగు." చెల్లెలు వేలెత్తింది. దానిలో ఇంకా వకీలు చావలేదు. "గుర్తు అమ్మది, బట్ట అమ్మ ఇస్త్రీ చేసింది. అంతవరకే. తొందరలో ఇంకెవరో బల్ల మీంచి లాక్కుని వేసుకోకూడదా? చెయ్యి ఎవరిదో బట్ట చెప్పదు." అని, నేను తిట్టేలోపు తనే అంది. "ఇంకోసారి పెట్టు. ఈసారి ఫోన్ వద్దు. చెయ్యే చూస్తా."

వెనక్కి తిప్పాను. ఆ ప్రకటన ఆ రోజంతా సాగుతుందనిపించింది.

నీళ్లలోంచి చెయ్యి లేచింది. మెట్టు మీద పడింది. గోళ్లతో గీరలేదు, పట్టుకుని పైకి రావాలనీ చూడలేదు. అరచెయ్యి బల్లపరుపుగా ఆనించి, ఆ తడి రాయిని ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా నిమిరింది. మళ్లీ ఒకసారి నిమిరింది. తర్వాత కొంచెం పైకి లేచి, వేళ్లు ముడిచి, టప్పున విదిలించింది. నీటి చుక్కలు మెట్టంతా పడ్డాయి.

చిన్నప్పుడు మా ప్రాణాలు తీసింది ఆ విదిలింపే. పట్టుకోవడానికి వచ్చిన చెయ్యైతే ఏ కర్రో తీసుకుని కొట్టొచ్చు. ఇది ఊరికే మెట్టు నిమిరి, నీళ్లు చల్లి, ఆగిపోయింది. ఏం చేస్తోందో అర్థంకాకే హడలిపోయాం.

పక్కన చప్పుడైతే తిరిగి చూశాను. చెల్లెలి కుడిచెయ్యి సోఫా మీద పరిచిన దుప్పటిని ఎడమ నుంచి కుడికి నిమురుతోంది. రెండోసారి కూడా నిమిరి, వేళ్లు ముడిచి విదిలించింది. తను చేస్తున్నట్టు తనకే తెలీదు. కళ్లు తెర మీదే ఉన్నాయి.

"ముడతలు తీసి నీళ్లు చల్లుతోందక్కా," అంది. "అమ్మ ఇస్త్రీ చేస్తోంది."

మెట్టు మీద చెయ్యి పెట్టమ్మా అని ఉంటారు, అంతే. పెట్టింది. బల్లంత వెడల్పు మెట్టు, చేతికి నీళ్లు. ఇక ఆ చేతికి ఒకరు చెప్పాలా?

ఇద్దరం లేచి నిలబడిపోయాం. ఎవరు ముందు కావిలించుకున్నామో తెలీదు. చెల్లెలు నవ్వుతూ గంతులేస్తోంది, మోకాళ్ల సంగతి మర్చిపోయి. నేను రిమోట్ పట్టుకునే గంతులేస్తున్నాను. ఏ గుండీ నొక్కుకుందో, టీవీలో సబ్బు పొడి ఆవిడ హోరుమని పాడుతోంది. మేం ఆవిడ్ని మించి అరుస్తున్నాం. ఎదురింటాయన కిటికీలోంచి, "ఏమ్మా, అంతా క్షేమమేనా?" అని అడిగాడు. "మా అమ్మ టీవీలో వచ్చింది!" అని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "సంతోషం" అన్నాడు.

అలిసిపోయి కూర్చున్నాక చెల్లెలు అడిగింది. నేను ఇరవై రెండేళ్లుగా ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను.

"మరి నాకెందుకు చెప్పలేదక్కా? అన్ని నెలలు ఏడ్చాను కదా."

అప్పుడే దాని చెయ్యి నా చేతిలో ఉందని చూసుకున్నాను. గంతుల్లో పట్టుకుంది, వదల్లేదు.

"చెప్తే ఏ చెయ్యి పట్టుకుని పడుకునేదానివే?" అన్నాను.

చెల్లెలు మొహం తుడుచుకుని, "ఇంకోసారి పెట్టు," అంది.

పెట్టాను. ఆ తర్వాత ఇంకా ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. టీ పెట్టుకున్నాం, మళ్లీ చూశాం. కోడలు డ్యూటీ దిగి వచ్చి, బూట్లతోనే నిలబడి ఒకసారి చూసి, "అమ్మో, భయంగా ఉందత్తయ్యా" అంది. మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఒక దశలో బొమ్మ ఆపేసి తెరే మమ్మల్ని అడిగింది, "మీరింకా చూస్తున్నారా?" అని.

"చూస్తున్నాం!" అని గదమాయించింది చెల్లెలు. "నీకేం నొప్పి?"

మర్నాటి పొద్దున ఆ బొమ్మ ఉన్నచోట వంటల కార్యక్రమం ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు. పద్నాలుగు ఫోటోల్లో మంచిది ఎంచుకుని ఇద్దరం ఫోటోల కొట్టుకి వెళ్లాం. కొట్టాయన ఫోన్ అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏంటండీ ఇది, ఏదో దెయ్యం సినిమాలోదా?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది నాయనా," అంది చెల్లెలు. "మా అమ్మ."

ఆయన తడబడ్డాడు. మళ్లీ చూశాడు. "అదికాదమ్మా, చెయ్యి ఒక్కటే పడింది. మొహం కత్తిరించేశారు. మొత్తం ఉన్న ఫోటో ఉంటే ఇవ్వండి, పెద్దది చేసిస్తా."

చెల్లెలు నావైపు చూసింది. నేను కొట్టు బల్ల మీద ఫోన్ ఆయన వైపు తిన్నగా జరిపాను.

"మొత్తం ఉంది," అన్నాను. "ఇలాగే చెయ్యండి. ఆ అంచు మీద గుర్తు మాత్రం బాగా కనబడాలి."